నిలబడ్డ పంట

"ఏసీబీనా? మనమీదకి ఏసీబీ ఎందుకు వచ్చిద్దమ్మా?"

ఈ మాట నేను ఫోనులో అన్నాను. కానీ అప్పుడు నా కుడిచేతిలో మైకు ఉంది. ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉంది. ఆటో మీద కట్టిన రెండు హారన్లు రెండు బజార్ల వైపు తిరిగి ఉన్నాయి. దాంతో అవతల ఉన్న హన్నమ్మ కంటే ముందు నరసరావుపేటలో సగం మందికి నా ప్రశ్న చేరింది.

నాది మైకుసెట్ల కొట్టు. పేరు మహబూబ్, జనం నోట్లో మాబూ. ఇంటిపేరు షేక్, ఊరిని షేక్ చేసేవి మాత్రం నా హారన్లు. ముప్పయ్యేళ్ళు వాటి పక్కన కూర్చోబట్టి నా ఎడమ చెవి ఇప్పుడు కళ్ళజోడు తగిలించుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. ఆ ఆషాఢమాసం పొద్దున కుడిచేతిలో మైకుండటంతో ఫోను ఆ చెవికే పెట్టుకున్నాను. మా సంఘం కూరల తోట దగ్గరికి జేసీబీ వస్తుందని హన్నమ్మ చెప్పింది. నాకు ఏసీబీ అని వినపడింది.

లుంగీ విప్పి ఇస్త్రీ ప్యాంటు వేసుకున్నాను. సంఘం కాగితాలున్న ఫైలు చంకలో పెట్టుకుని ఆటో తోలాను. దారంతా ఒకటే ఆలోచన. ఏసీబీ వాళ్ళకు మాతో ఏం పని? లంచం పుచ్చుకునే హోదా మాలో ఒక్కరికీ లేదు. మేం చేసేది లంచం కాదు, లంచ్.

ఆ లంచ్ సంగతి చెప్పాలంటే కోటమ్మత్త సంగతి చెప్పాలి. ఆవిడది శావల్యాపురం దగ్గర పల్లె. రెండెకరాలు మిరప, ఒక ఎకరం పత్తి. మూడేళ్ళ కిందట మొగుడిని ఇక్కడి ఆసుపత్రిలో చేర్చింది. మంచం మీద పడుకున్న మనిషికి ఆసుపత్రి వాళ్ళు అన్నం పెడతారు. ఆ మంచం పక్కన కూర్చున్న మనిషికి ఎవరు పెడతారు? పదకొండు రోజులు ఆవిడ వరండాలో బన్నూ టీతో గడిపింది. "మా చేలోకి వచ్చిన కూలోళ్ళకి పెట్టకుండా ఏనాడూ తినలా. అట్టాంటిదాన్ని, పక్క మంచమోళ్ళని చారునీళ్ళు అడిగి తాగా," అని ఆవిడ చెప్పింది ఒక్కసారే. నేను విన్నది కూడా మంచి చెవితోనే. పన్నెండో రోజు మొగుడు పోయాడు. నెల తిరక్కుండానే ఆవిడ పొలం కౌలుకిచ్చి, ఆసుపత్రి ఎదురు సందులో గది అద్దెకు తీసుకుంది. ఆ వరండాలో ఇంకెవరూ బన్ను తిని బతక్కూడదని పట్టు పట్టింది.

అలా పుట్టింది మా పిడికెడు సంఘం. మా నాలుగు సందుల్లో ఏ ఇంట్లో ఎసరు పెట్టినా బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలు తిరగేసుకొచ్చేది హన్నమ్మ. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. వంటా ఆవిడదే. కూరలు మాత్రం తోటవి. ఆసుపత్రికీ ఫంక్షన్ హాలుకూ మధ్య పన్నెండు సెంట్ల వార్డు స్థలం ఉంది. అది ఒకప్పుడు చెత్తదిబ్బ. పగిలిన కమోడ్లు, సెలైన్ సీసాలు, పెళ్ళి విస్తళ్ళు నాలుగు నెలలు ఎత్తిపోశాం. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మాచర్ల నుంచీ గురజాల నుంచీ జబ్బు మనుషుల వెంట వచ్చినవాళ్ళు యాభై, అరవై మంది మా ఆకుకూర పప్పుతో అన్నం తింటారు.

నేను వెళ్ళేసరికి కోటమ్మత్త తోటకూర మడిలో కలుపు తీస్తోంది.

"అత్తా, ఏసీబీ వాళ్ళు వస్తన్నారంట! కాగితాలన్నీ తెచ్చా!"

"ఏసీబీ ఏందన్నా నీ మొకం!" అంది హన్నమ్మ. "అటు చూడు."

చూశాను. సందు మొదట్లో పసుపు రంగు జేసీబీ తొండం ఎత్తుకుని వస్తోంది. దాని వెనక తెల్లకారు. ఆ కారు వెనక జనం. జనానికి జేసీబీతో పనిలేదు, వాళ్ళు నా హారన్ విని ఏసీబీని చూడటానికి వచ్చారు.

కారులోంచి ధనుంజయరావు దిగాడు. మా వార్డు కౌన్సిలరు శేషారత్నమ్మ గారు. ఆవిడ భర్త ఈయన. కౌన్సిలరు ఆవిడ, అందరికీ కౌన్సిలింగు ఇచ్చేది ఈయన. పక్కనున్న ఫంక్షన్ హాలూ ఈయనదే. శ్రావణంలో పెళ్ళిళ్ళున్నాయి, కార్లు పెట్టుకోవడానికి చోటు లేదు. ఎలక్షన్లప్పుడు ఈ జాగాలో పార్కు కట్టిస్తామని చెప్పింది నా మైకులోనే. ఇప్పుడు పార్కుకు 'ఇంగు' తగిలించి పార్కింగు అంటున్నారు. ఇంగువ తగిలించినా పప్పులోకి పనికొచ్చేది.

"ఏంది పిన్నీ, వారం కింద నోటీసు పంపా. చూళ్ళేదా?" అన్నాడు. ఆయనదీ కోటమ్మత్తదీ ఒకే పల్లె, వరస కలిసింది.

"చూశాలే అబ్బాయ్. మందంగా ఉంది, మంచి కాగితం. విత్తనాలు ఆరబోశా దానిమీద."

జనంలో నవ్వు లేచింది. ఎవరో వెనకనుంచి, "రావుగారూ, ఏసీబీ వాళ్ళు వచ్చేది మీ ఇంటికా, హాలుకా?" అని అడిగారు.

"ఏ ఏసీబీరా? ఎవుడు కూసింది?" అని ఆయన ఎర్రబడ్డాడు. హన్నమ్మ నా డొక్కలో పొడిచింది. నేను ఆకాశం వైపు చూశాను. ఆ పొద్దున ఆకాశం చానా బాగుంది.

"ఏమయ్యా మాబూ, నీ దగ్గర కాగితం ఉందిగా. చదువు," అన్నాడాయన నా వైపు తిరిగి. ఫైలు తీశాను. రెండేళ్ళ కింద వార్డు వాళ్ళిచ్చిన అనుమతి. చివరి వాక్యం దగ్గర నా గొంతు మొదటిసారి తగ్గింది. 'అవసరమైనప్పుడు స్థలం ఖాళీ చేయవలెను' అని ఉంది అందులో. మేం కాగితాన్ని నమ్ముకున్నాం, కాగితం మాత్రం ఆయన పక్షాన నిలబడింది.

"విన్నావుగా పిన్నీ. అవసరమొచ్చింది. పక్కకి జరుగు."

కోటమ్మత్త జరగలేదు. కొడవలి మొలలో దోపుకుని మడి గట్టు మీద నిలబడింది.

"ధనుంజయా, మీ నాయనకీ మీ బాబాయికీ గట్టు తగాదా కోర్టుకి పోయింది, యాదుందా?"

"ఉంది. ఇప్పుడదెందుకు?"

"తీర్పు ఎవురికొచ్చింది?"

"మా నాయనకే."

"తీర్పొచ్చిన రోజున చేలో ఎవురి పత్తి ఉంది?"

ఆయన జనం వైపు ఒకసారి చూశాడు.

"చెప్పరా. జనం వినాలి."

"బాబాయిది."

"మీ నాయన ట్రాక్టరు దింపాడా? తీర్పు కాగితం జేబులో ఉంది గదా, దున్నించాడా?"

"లేదు."

"ఏం చేశాడు మరి?"

ఆయన కళ్ళు నేలకు వాలాయి. "పత్తి మూడో తీత అయిందాకా గట్టు మీద కూర్చున్నాడు."

నేను బజారు మనిషిని. మా తాత నుంచీ మాది వైర్లూ స్క్రూడ్రైవర్లూ. పొలం సంగతులు నాకు తెలియవు. కానీ ఆ మాటతో జనంలో ఉన్న పెద్దవాళ్ళ తలలన్నీ ఒకేసారి ఊగటం చూశాను. చేను ఎవరిదైనా కావొచ్చు, నిలబడ్డ పంట విత్తినవాడిది. గెలిచినవాడు కూడా అది ఇంటికి చేరేదాకా గట్టు దాటకూడదు. పల్నాడులో తలలు పగిలిన తగాదాల్లో కూడా ఈ ఒక్క ముక్క పగల్లేదట.

జేసీబీ ఆగిపోయిన చప్పుడైంది. డ్రైవరు, బుర్రమీసాల నడివయసు మనిషి, కిందకి దిగి తువ్వాలు దులుపుకున్నాడు. "పంట మీదకి నేను తోలనండీ. మాదీ సాగే. ఇంటికెళ్ళి మా ముసలమ్మకి మొకం చూపించాలి," అన్నాడు.

ధనుంజయరావు తోట మొత్తం ఒకసారి కలయజూశాడు. మోకాలెత్తు తోటకూర, నాలుగు వరసల గోంగూర. ఆయన మొహంలో లెక్క కనిపించింది. వారం, మహా అయితే పది రోజులు. శ్రావణానికి ఇంకా మూడు వారాలుంది. ఊరి ముందు పెద్దరికం నిలబెట్టుకోవటానికి పది రోజులు పెద్ద విషయం కాదు.

"సరే పిన్నీ. మా నాయన కొడుకునే నేను. ఈ నిలబడ్డ పంట ఇంటికి చేరిందాకా ఇక్కడ మిషను దిగదు."

"అన్నా, ఒక్క నిమిషం," అని నేను ఆటోలోంచి మైకు అందుకున్నాను. "వెనకాలోళ్ళకి వినపళ్ళా."

మైకు చూస్తే మాట్లాడకుండా ఉండలేని జాతి ఆయనది. అందుకున్నాడు. "ఈ తోటలో నిలబడ్డ పంట ఉన్నంతకాలం మిషను దిగదు! ఇది ధనుంజయరావు మాట! పంట అయిపోయిన మర్నాడు దింపుతా. అప్పుడెవురూ అడ్డం రాగూడదు!"

"పంట లేని రోజున నేనే దగ్గరుండి దారి చూపిస్తా," అంది కోటమ్మత్త. మైకు అక్కర్లేని గొంతు ఆవిడది.

అందరూ వెళ్ళిపోయాక హన్నమ్మ గట్టు మీద కూలబడింది. "వారంలో తోటకూర ముదిరిద్ది. తర్వాత వరండాలో వాళ్ళకి ఏం పెడతాం అత్తా?"

కోటమ్మత్త నవ్వింది. ఆవిడ నవ్వటం నేను చూసింది అదే మొదలు.

"వాడు మిరపచేలో పుట్టినోడే. ఒక్కసారి నాటతారు, కోతలవంగానే ఒక్కసారి పీకేస్తారు. చేను నున్నగా దున్నేస్తారు. వాడికి పంటంటే అదే. ఇంటెనక కూరపాదులు వాళ్ళమ్మ చూసేది. వాడు తిన్నాడు గానీ ఏనాడన్నా చూశాడా?" అని నోటీసు కాగితం విప్పింది. అందులో బెండ గింజలు, గోరుచిక్కుడు గింజలు, ధనియాలు వేరువేరు పొట్లాలుగా ఉన్నాయి. "ఏదీ అయిపోగూడదు. ఒకటి పీకేలోపు దాని పక్కన ఇంకోటి మొలవాలి. మాబూ, గింజలకి గుంటలు తియ్యాలి, బొరిగె అందుకో."

ఆ రోజు నుంచి మా తోటకు ఖాళీ అన్న మాట లేదు. తోటకూర వరసల మధ్య బెండ గింజ పెట్టాం. బెండ కాతకొచ్చేలోపు దాని మొదట్లో గోరుచిక్కుడు. ఆయన 'గో' అన్నాడు, మేం గోంగూర పెంచాం. చుక్కకూర చల్లి చుక్కలు చూపించాం. వంగ నాటాం, మేం మాత్రం వంగలేదు. మమ్మల్ని కూరలో కరివేపాకులా తీసిపారేద్దామనుకున్నాడు కదా, కోటమ్మత్త నాలుగు మూలలా కరివేపాకు మొక్కలే నాటింది. పాతికేళ్ళు బతుకుతాయట.

పదో రోజు ఆయన వచ్చాడు. తోటకూర పీకేశాం. దాని చోట రెండాకుల బెండ నిలబడి ఉంది.

"ఇదేంది?"

"పంట," అంది కోటమ్మత్త.

ఇరవయ్యో రోజు వచ్చాడు. బెండ ఎదిగింది. కంచె మీద దొండ తీగ పాకింది.

"ఇది?"

"అదీ పంటే. పదేళ్ళు కాసిద్ది."

ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి మా సందు చివరి కుళాయిలో నీళ్ళు ఆగిపోయాయి. ఎవరు కట్టేశారో ఎవరూ చెప్పలేదు. వానలూ మొహం చాటేశాయి. హన్నమ్మ బియ్యం డబ్బాలతో పాటు బియ్యం కడిగిన నీళ్ళూ ఇంటింటికీ తిరిగి అడిగింది. బిందెలతో మోశాం. బెండ తలలు వాల్చింది. ఒక మధ్యాహ్నం కోటమ్మత్త వాలిపోయిన మొక్క పక్కన కూర్చుని, దాని ఆకు మీద చెయ్యి వేసి కదలకుండా ఉండిపోయింది. మొగుడి మంచం పక్కన కూడా అలాగే కూర్చుని ఉంటుంది. నా నోటికి ఆ పూట ఒక్క జోకూ రాలేదు.

తిన్నగా తోట వెనక గోడకానుకుని ఉన్న మా మసీదుకు వెళ్ళాను. నమాజుకు ముందు వజూ చేస్తాం, అంటే చేతులూ కాళ్ళూ మొహమూ కడుక్కుంటాం. రోజుకు ఐదుసార్లు, రెండొందల మంది. ఆ నీళ్ళన్నీ తూములో పడి సైడు కాలవలోకి పోతాయి. కమిటీ పెద్దలను అడిగాను. "నీళ్ళే గదా భాయ్, మొక్క తాగితే పుణ్యమేగా," అన్నారు. తూముకు పైపు తగిలించి గోడవతల తోటలోకి వదిలాను. రెండో రోజుకు బెండ తలెత్తింది. శుక్రవారమైతే జనం ఎక్కువ, తోట మోకాలి లోతు బురద. "ఒరే మాబూ, మీవోళ్ళని శుక్రవారం కాస్త పొదుపుగా కడుక్కోమను, నా వంగ కుళ్ళిపోయిద్ది," అని కోటమ్మత్త గోడ మీదనుంచి కేకలు.

శ్రావణం వెళ్ళింది. పెళ్ళి కార్లు రోడ్డు మీదే నిలబడ్డాయి. కార్తీకం వచ్చింది. ఒక ఆదివారం ధనుంజయరావు తేల్చుకుందామని కబురు పెట్టాడు. తోట దగ్గరికి జేసీబీతో వచ్చాడు. ఈసారి పట్నం నుంచి పిలిపించిన వేరే డ్రైవరు. తోడుగా కౌన్సిలరు శేషారత్నమ్మ గారిని కూడా తెచ్చాడు, సంతకానికి. జనం సంగతి చెప్పక్కర్లేదు, ఆ ఏసీబీ ఈ రోజైనా వస్తుందేమోనని ముందే చేరారు.

"పిన్నీ, నాలుగు నెలలు ఓపిక పట్టా. సూటిగా చెప్పు. నీ పంట ఎప్పుడు అయిపోయిద్ది?"

"ఆ వరండాలో ఆకలితో కూర్చునే మడిసి లేని రోజున."

"ఇది మోసం!"

"మోసమేందిరా? నీ మాటేగా. ఒక్క మడి ఖాళీ చూపియ్యి. ఒక్కటి. ఇప్పుడే మిషను దింపుకో, నేను నోరెత్తితే ఒట్టు."

నేను గబుక్కున మూల వైపు చూశాను. అక్కడ ఒక మడి నున్నగా, నల్లగా, గడ్డిపరక లేకుండా ఉంది. ముందురోజు నేనే చూశాను. ధనుంజయరావు గట్ల వెంట తిరుగుతూ వంగ దాటాడు, చుక్కకూర దాటాడు, ఆ మూలకు చేరాడు.

"ఇదుగో!" అని అరిచాడు. ఒక్క అంగలో మడి మధ్యలో దిగి నిలబడ్డాడు. "ఇదుగో ఖాళీ! అందరూ చూడండి! తోలవయ్యా మిషను!"

ఇంజను మోగింది. హన్నమ్మ కళ్ళు మూసుకుంది. కోటమ్మత్త పరిగెత్తలేదు. నడుచుకుంటూ వచ్చి, ఆయన కాలి పక్కన గొంతుక్కూర్చుని, వేలితో మట్టి పైపొర మెల్లగా గీరింది. పగిలిన గింజ. దానికి దారప్పోగంత తెల్లటి మొలక.

"ధనియాలు, ధనుంజయా," అంది. "ఆరు రోజులైంది. ఎల్లుండి పైకొస్తాయి. నీ చెప్పు కింద ఇంకో ఇరవై ఉన్నాయి."

అప్పుడు జరిగింది నేను ఇప్పటికీ మర్చిపోలేను. ఎవరూ చెప్పలేదు. ఎవరూ తోయలేదు. ఆయన కాలు దానంతటదే లేచింది. నిప్పు తొక్కినట్టు, ఒక్కొక్క అడుగూ ఆచితూచి వేస్తూ, మొలక మీద పడకుండా మునివేళ్ళ మీద వెనక్కి నడిచి గట్టు ఎక్కాడు. ఎక్కాక గానీ తనేం చేశాడో తనకు తెలియలేదు.

శేషారత్నమ్మ గారు అంతా చూస్తున్నారు. "ఏమండీ, గట్టెక్కేశారుగా. ఇంక మాట్లాడేదేముంది?" అన్నారు. తర్వాత నా వైపు చెయ్యి చాపారు. "మాబూ, ఆ మైకు ఇటియ్యి."

మూడేళ్ళలో ఆవిడ మైకు అడగటం అదే మొదలు. హారన్ కూడా కంగారుపడి ఒకసారి కుయ్యిమంది.

"నేను మీ కౌన్సిలరు శేషారత్నాన్ని. మాట ఇచ్చింది మావారు. నిలబెట్టేది నేను. ఈ తోటలో పంట ఉన్నంతకాలం మా ఇంటి మిషను రాదు, ఇంకెవురి మిషనూ రాదు. రేపు పొద్దునకల్లా కుళాయిలో నీళ్ళొస్తాయి. రాకపోతే బిందె తీసుకుని నేనే వస్తా." ఆగి, కొంచెం మెల్లగా అన్నారు, "మా ఇంటి నుంచీ రోజూ పిడికెడు."

చప్పట్ల మధ్య జేసీబీ వెనక్కి తిరిగింది. ధనుంజయరావు నా దగ్గరికి వచ్చాడు. ఓడిపోయిన మనిషి గొంతు కాదది, విసిగిపోయిన మనిషి గొంతు.

"తోట మీరే ఉంచుకోండిరా. నాలుగు నెలల్నించీ ఏ పెళ్ళికెళ్ళినా, మీ మీద ఏసీబీ కేసు ఏమైందని ఒకటే అడుగుడు. హాలు బుక్ చేసుకోవటానికి వచ్చినోడు గోడలు తట్టి చూస్తన్నాడు, లోపల డబ్బేమన్నా దాచానా అని. ఆ పుకారు ఎవుడు లేపాడో తెలిస్తే..."

హన్నమ్మ నా వైపు చూసింది. కోటమ్మత్త నా వైపు చూసింది. నేను మైకు వైపు చూశాను. అది ఆన్‌లోనే ఉంది. తప్పదు.

"నరసరావుపేట ప్రజలారా! షేక్ మహబూబ్ మాట్లాడుతున్నాను. ఆషాఢమాసంలో ఈ తోటకు వచ్చింది ఏసీబీ కాదు, జేసీబీ. హన్నమ్మ సరిగ్గానే చెప్పింది. తప్పు నా ఎడమ చెవిది. ఆ చెవి విన్నదాన్ని మీ అందరి చెవుల్లో వేసింది ఈ హారన్. ధనుంజయరావు గారి మీద ఏ కేసూ లేదు, ఆయన హాలు గోడల్లో ఇటుకలు తప్ప ఏమీ లేవు. దయచేసి తట్టొద్దు. ఆయన మీద ఉన్నది ఒకే ఒక్క మాట. పంట నిలబడి ఉన్నంతకాలం మిషను దిగదన్న మాట. దాన్ని మాత్రం ఊరంతా రెండు చెవులతో సరిగ్గానే విన్నది!"

"అయితే ఏసీబీ రాదా?" అని వెనకనుంచి ఎవరో నిరాశగా అడిగారు.

"రాదు! పన్నెండున్నరకి వరండాలో అన్నం వచ్చిద్ది. వడ్డించే ఓపికున్నోళ్ళు రండి!"

"ఒరే మాబూ," అని గట్టు మీదనుంచి కోటమ్మత్త కేక వేసింది. "చెప్పింది చాలు గానీ, ముందు ఆ వైరు నా ధనియాల మీద నుంచి తియ్యి!"